తండ్రిని ఫరో ముందు నిలబెట్టిన కొడుకు

(బెంగళూరులోని ఒక తెలుగు సంఘంలో క్రిస్మస్‌కు ముందు జరిగిన కుటుంబ కూడికలో చేసిన ప్రసంగం. విదేశాల్లో ఉన్న సంఘ బిడ్డలు ఆన్‌లైన్‌లో పాల్గొన్నారు.)



ఈ హాలులో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది అమ్మానాన్నలు. గోడమీద తెరలో కనబడుతున్నవాళ్ళు వాళ్ళ పిల్లలు. మనకు ఇక్కడ రాత్రి ఏడు గంటలు. న్యూజెర్సీలో పొద్దున ఎనిమిదిన్నర, లండన్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర, కువైట్‌లో సాయంత్రం నాలుగున్నర. ఒకే పేటలో, ఒకే కొళాయి దగ్గర వరుసలో నిలబడి నీళ్ళు పట్టుకున్న కుటుంబాలు ఈరోజు ఇన్ని దేశాల్లో ఉన్నాయి. ఇంతదూరం నడిపించిన దేవునికి స్తోత్రం.

ఈ అంశం మీద మాట్లాడమని నన్ను అడిగింది పెద్దలు కాదు, పిల్లలే. "అయ్యగారూ, అమ్మావాళ్ళు సెలవులకు మా దగ్గరికి వస్తున్నారు, ఎలా చూసుకోవాలి?" అని ముగ్గురు వేర్వేరుగా ఫోన్ చేశారు. ఒకరికి ఇన్సూరెన్స్ గురించి చెప్పాను. ఇంకొకరికి చలిబట్టల గురించి చెప్పాను. మూడో అబ్బాయి కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అడిగాడు: "అయ్యగారూ, మా అమ్మ ఏం పని చేసిందో ఇక్కడ మా స్నేహితులెవరికీ తెలియదు. క్రిస్మస్‌కు అందరూ ఇంటికొస్తారు. ఏం చెయ్యమంటారు?"

ఆ ప్రశ్నకు నేను ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం ఆ జవాబు కోసమే.

పరదేశంలో స్థిరపడిన కొడుకు ముసలి తండ్రిని పిలిపించుకున్న కథ బైబిల్లోనే ఉంది. యోసేపు కథ. సండే స్కూల్లో మనకు అంగీ గురించి, గోతి గురించి, కలల గురించి చెప్పారు. తండ్రి వచ్చిన భాగం దగ్గర పెద్దగా ఆగలేదు. ఆదికాండము 45 నుంచి 47 వరకు ఇంటికెళ్ళి మళ్ళీ చదవండి.

యోసేపు కబురు ఒక్కటే పంపలేదు, బండ్లు పంపాడు. కొడుకు బతికే ఉన్నాడని నోటితో చెబితే యాకోబు నమ్మలేదు. తనను తీసుకెళ్ళడానికి వచ్చిన బండ్లు చూశాకే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అయినా దారిలో బెయేర్షెబా దగ్గర ఆగిపోయి బలి అర్పించాడు. ఐగుప్తుకు వెళ్ళడానికి భయపడవద్దని దేవుడే రాత్రివేళ ఆయనకు ధైర్యం చెప్పాల్సివచ్చింది. మొదటిసారి విమానం ఎక్కబోతున్న మన అమ్మల కళ్ళలో నేను చూసేది ఆ భయమే. తండ్రి గోషెనుకు చేరగానే యోసేపు రథం కట్టించుకుని ఎదురువెళ్ళి, మెడమీద పడి చాలాసేపు ఏడ్చాడు. దేశాన్ని ఏలుతున్నవాడు, నౌకర్లు చూస్తారని ఆగలేదు.

ఇంతవరకూ మన పిల్లలు కూడా చేస్తున్నారు. టికెట్టు కొంటున్నారు, వీల్‌చైర్ పెట్టిస్తున్నారు, ఎయిర్‌పోర్టులో కావలించుకుని ఏడుస్తున్నారు. అసలు పరీక్ష ఆ తర్వాత వస్తుంది.

ఐగుప్తీయులకు గొర్రెల కాపరులంటే అసహ్యం అని 46వ అధ్యాయం చివర రాసి ఉంది. అంతకుముందు 43వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. హెబ్రీయులతో కలిసి తినడం ఐగుప్తీయులకు హేయం కాబట్టి యోసేపుకు వేరుగా, అన్నదమ్ములకు వేరుగా, ఐగుప్తీయులకు వేరుగా వడ్డించారు. ఈ వచనానికి మన పేటల్లో వ్యాఖ్యానం అక్కర్లేదు. టీ కొట్టులో మనకు వేరే గ్లాసు పెట్టిన రోజులు ఎరిగినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు.

ఫరో మొదట అడగబోయే ప్రశ్న ఏమిటో యోసేపుకు తెలుసు. "మీరు ఏం పని చేస్తారు?" అదే ప్రశ్న. యోసేపు ఏమైనా చెప్పించగలడు. భూములున్నవాళ్ళమని చెప్పించవచ్చు, వర్తకులమని చెప్పించవచ్చు. అలా చెయ్యలేదు. వీళ్ళు మందలు కాసేవాళ్ళు అని ముందుగా తానే ఫరోకు చెబుతానన్నాడు, మీరూ అదే చెప్పండన్నాడు. గోషెనులో వేరుగా బతకడానికి అది తెలివైన ఉపాయం అనే పండితులున్నారు. కావచ్చు. కానీ దాచలేదు. ఆ తర్వాత తండ్రిని లోపలికి తీసుకొచ్చి ఫరో ఎదుట నిలబెట్టాడు. ఆ గొర్రెల కాపరి చక్రవర్తికి దణ్ణం పెట్టలేదు, చక్రవర్తిని దీవించాడు. లోపలికి వచ్చినప్పుడు ఒకసారి, బయటికి వెళ్ళేటప్పుడు ఇంకొకసారి.

యోసేపు అన్నింట్లో నీతిమంతుడని నేను అనను. అదే 47వ అధ్యాయంలో కరువు జనాన్ని ఫరోకు దాసులుగా మార్చిన పాలన కూడా ఆయనదే. దాన్ని ఇంకోరోజు మాట్లాడుకుందాం. కానీ తండ్రి విషయంలో ఆయన చేసింది మనం నేర్చుకోవాలి.

ఇప్పుడు మన మధ్య జరిగిన ఒక సంగతి చెబుతాను. ఆ తల్లి అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను.

ఆమె పౌరకార్మికురాలు. బెంగళూరు వీధులు ఊడ్చే ఆడవాళ్ళలో తెలుగు మాట్లాడే మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆమె 28 ఏళ్ళు ఊడ్చింది. తెల్లవారకముందే లేచి, పిల్లలకు అన్నం వండిపెట్టి, చీకట్లోనే హాజరుకు పరుగెత్తింది. కొడుకు ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్ళాడు. అమ్మను పిలిపించుకున్నాడు. మంచి కోటు కొన్నాడు, మోకాళ్ళకు మందులు తెప్పించాడు. ప్రేమ లేని కొడుకు కాదు.

క్రిస్మస్ ముందురోజు అమ్మ పక్కన కూర్చుని చెప్పాడు. "అమ్మా, రేపు వచ్చేవాళ్ళు ఎవరైనా అడిగితే కార్పొరేషన్ ఆఫీసులో పని అని చెప్పు. మన పేట పేరు చెప్పొద్దు." ఆమె సరే అంది.

మరునాడు అతిథులు వచ్చారు. తెలుగువాళ్ళే, ప్రార్థన చేసి భోజనానికి కూర్చునేవాళ్ళే. ఒకావిడ అడిగింది. "మీది ఏ ఊరమ్మా?" "బెంగళూరు." "అది సరేనండీ, అసలు ఊరు?" "అదే మా ఊరు." "ఆంధ్రాలో ఏ జిల్లా?" ఈమెకు జవాబు తోచలేదు. కొడుకు ముఖం చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు. తలనొప్పిగా ఉందని చెప్పి మేడమీద గదిలోకి వెళ్ళిపోయింది. ప్లేటు అక్కడికే పంపించారు. కింద హాల్లో, చెట్టు పక్కన, పశువుల తొట్టి బొమ్మ పెట్టి దీపాలు వెలిగించి ఉంది. సత్రంలో చోటు దొరకని తల్లి బొమ్మకు హాల్లో చోటు ఉంది. కన్నతల్లి మేడమీద ఉంది.

తిరిగొచ్చాక ఆమె నాతో అంది. "వాణ్ణి ఏమీ అనొద్దు అయ్యగారూ. వాడి కష్టం వాడిది. కానీ నేను ఊడ్చిన రోడ్డు మీదనే కదా వాడు కాలేజీకి పోయింది."

ఈ కథ చెప్పి ఆ అబ్బాయిని దోషిగా నిలబెట్టే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో చెబుతాను.

నేను కేజీఎఫ్‌లో పుట్టాను. గని కార్మికుల లైన్లలో పెరిగాను. మా నాన్న ఆ లైన్లలో పారిశుధ్య పని చేసేవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. ఆ ఏడాది క్రిస్మస్‌కు ముందు నేను వేదాంత విద్యార్థిని. నాన్న మారికుప్పం నుంచి రైలెక్కి, నన్ను చూడడానికి కాలేజీకి వచ్చాడు. చేతిలో అమ్మ చేసిన కజ్జికాయల డబ్బా. ఒక స్నేహితుడు మా నాన్న ఏం చేసేవారని అడిగాడు. "గనుల్లో, డిపార్ట్‌మెంట్‌లో" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. నాన్న నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు. ఆయన బతికున్నంతకాలం దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు. నేను విముక్తి వేదాంతం మీద వ్యాసాలు రాసే రోజులవి.

కాబట్టి ఆ ప్రశ్న అడిగిన అబ్బాయికి పైన నిలబడి కాదు, పక్కన కూర్చుని చెబుతున్నాను. 'నీ తండ్రిని నీ తల్లిని సన్మానించు' అని మనం కంఠస్థం చేసిన ఆజ్ఞలో సన్మానించు అనే హెబ్రీ మాటకు మూలం బరువు. వాళ్ళకు బరువు ఇవ్వు అని అర్థం. నిర్గమకాండము 21లో తల్లిదండ్రులను శపించడం అని ఉన్నచోట వాడిన మాటకు మూలం తేలిక. మన తెలుగులో కూడా మనిషిని అవమానిస్తే "తేలిక చేశారు" అంటాం. అమ్మకు మంచి కోటు కొనిచ్చి, ఆమె 28 ఏళ్ళ జీవితాన్ని ఒక్క మాటతో తీసేస్తే ఆమె తేలికైపోతుంది. ఆ ఇంట్లో ఆమె ఒక వయసుమళ్ళిన అతిథి మాత్రమే, ఆ మనిషి కాదు.

మరి ఏం చెయ్యాలి? చిన్న విషయాల నుంచి మొదలుపెడదాం. బరువు ఇవ్వడం చిన్న విషయాల్లోనే కనబడుతుంది.

కాగితాలు. మన పెద్దవాళ్ళలో చాలామందికి రెండు పేర్లు. రేషన్ కార్డులో ఒకటి, బాప్తిస్మంలో ఒకటి. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితునికి ఎస్సీ హోదా లేదు. ఆ రెండు పేర్ల వెనుక ఆ చరిత్ర ఉంది. అమెరికా వీసా ఫారంలో ఇతర పేర్లేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఏజెంటుకు వదిలేయకుండా అమ్మానాన్నతో కూర్చుని నింపండి. ఆ పేరు ఎలా వచ్చిందో అడగండి. మీకు తెలియని కథలు వింటారు.

ఆరోగ్యం. విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటికి అంతకుముందే ఉన్న షుగరు, బీపీ, గుండె జబ్బుల మామూలు చికిత్స వర్తించదు. ధర చూసి కాదు, షరతులు చదివి కొనండి. ఉన్నన్ని రోజులకు సరిపడా మందులు, వాటి అసలు పేర్లతో డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు.

ప్రయాణం. నడవగలిగినా వీల్‌చైర్ అడగండి. కాళ్ళ కోసం కాదు, భాష కోసం. తోడుగా ఒక మనిషి ఉంటారు. ఒక కాగితం మీద విమానం నంబరు, దిగాల్సిన ఊరు, మీ ఫోను నంబరు, అడ్రసు ఇంగ్లీషులో రాసివ్వండి.

ఇల్లు. డిసెంబరులో న్యూజెర్సీలాంటి చోట నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. మీరు ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్ళాక ఆ ఇంట్లో వాళ్ళు ఇద్దరే. కారు నడపలేరు, ఎదురింటివాళ్ళ పేరు తెలియదు. మొదటి రోజే తాళం, స్టవ్వు, హీటరు ఎలా వాడాలో చూపించండి. ఆపదలో ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలో చెప్పండి. ఎండుమిర్చి పోపు వేస్తే స్మోక్ అలారం మోగుతుందని ముందే చెప్పండి. అది మోగి, భయపడి, ఇక వంటింట్లోకే వెళ్ళని అమ్మలున్నారు. వాళ్ళ చేతిలో కొంచెం డబ్బు పెట్టండి, లెక్క అడగకండి. మనవడికి చాక్లెట్ కొనడానికి కొడుకు దగ్గర చేయి చాపడం తండ్రికి ఎంత కష్టమో ఈ హాల్లో కూర్చున్నవాళ్ళను అడగండి.

పని. అమ్మ వస్తే పిల్లల్ని చూసుకుంటుంది అని మనం ముందే లెక్క వేసుకుంటాం. మనవలతో ఉండడం ఆమెకు సంతోషమే. కానీ ఆమెను అడిగారా? జీవితమంతా ఇతరుల ఇళ్ళలో, వీధుల్లో పని చేసిన తల్లి వేల మైళ్ళు దాటి వచ్చి మళ్ళీ సెలవులేని పనిలో చేరకూడదు. తల్లిదండ్రుల గురించిన ఆజ్ఞకు ముందున్న ఆజ్ఞ విశ్రాంతి దినం గురించినది. అందులో కొడుకు, కూతురు, పనివాళ్ళు, ఇంట్లో ఉన్న పరదేశి కూడా ఉన్నారు. మీ ఇంట్లో ఆ పరదేశి ఇప్పుడు మీ అమ్మే. ఆరు నెలల గడువు ముద్ర వేశారని ఆరు నెలలూ ఉంచాలని లేదు. ఎప్పుడు తిరిగి వెళ్తారో వాళ్ళనే చెప్పనివ్వండి.

ఇక బల్ల. అతిథులు వచ్చే రోజు అమ్మకు ఏం చెప్పాలో నేర్పకండి. ముందుగా "నీ గురించి వాళ్ళకు ఏం చెప్పమంటావమ్మా?" అని అడగండి. కొందరు తల్లులకు ఆ పని గురించి మాట్లాడడం ఇష్టం ఉండదు. ఆ పనిలో పడ్డ అవమానాలు వాళ్ళకే తెలుసు. అది వాళ్ళ ఇష్టం, గౌరవించండి. కానీ దాచమని కొడుకు చెప్పడం వేరు, చెప్పకూడదని తల్లి అనుకోవడం వేరు. ఆమె సరే అంటే యోసేపులాగా మీరే ముందు చెప్పండి. "మా అమ్మ 28 ఏళ్ళు బెంగళూరు వీధులు శుభ్రం చేసింది, ఆ జీతంతో నన్ను చదివించింది" అనండి. ఆ తర్వాత భోజనానికి ముందు ప్రార్థన ఆమెతో చేయించండి. కన్నడం కలిసిన ఆమె తెలుగులోనే చెయ్యనివ్వండి. యాకోబు ఫరోను దీవించినట్టు ఆమె మీ అతిథులను దీవిస్తుంది.

అలా చెబితే స్నేహితులు దూరమైతే? ఆఫీసులో తెలిస్తే? ఈ భయం ఊహ కాదని నాకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో రెండు సభలూ ఆమోదించిన బిల్లును అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. సముద్రాలు దాటి కులం వెళ్ళకపోయి ఉంటే ఆ చట్టాల అవసరమే వచ్చేది కాదు. కాబట్టి ఒక్కడివే ధైర్యం చెయ్యమని చెప్పి చేతులు దులుపుకుంటే అది పాస్టరు పని కాదు. ముందుగా నమ్మకమున్న ఒక్క కుటుంబానికి చెప్పు. ఆ రోజు బల్ల దగ్గర వాళ్ళను నీ పక్కన కూర్చోబెట్టుకో. మన సంఘం పిల్లలు అక్కడ ఎంతమంది ఉన్నారో ఈ తెరమీదే కనబడుతోంది. ఒకరి ఇంటికి అమ్మానాన్న వస్తే మిగతావాళ్ళు వెళ్ళాలి.

ప్రశ్న అడిగేవాళ్ళకు కూడా ఒక మాట. ఈ ప్రసంగం వాళ్ళ దాకా వెళ్తుందని ఆశిస్తున్నాను. "మీ అసలు ఊరు ఏది?" అని అడగడం మానండి. షోలాపూర్‌లో తాతల కాలం నుంచి మగ్గం నేసిన కుటుంబానికి షోలాపూరే ఊరు. బరంపురంలో పుట్టిన తెలుగువాడికి బరంపురమే ఊరు. చెన్నైలో పారిశుధ్య కార్మికుల క్వార్టర్స్‌లో పుట్టినవాడికి అదే ఊరు. యానాం గోదావరి ఒడ్డునే ఉన్నా ఆంధ్రాలో లేదు. ఊరు చెబితే జిల్లా, జిల్లా చెబితే ఇంటిపేరు, ఇంటిపేరు చెబితే కులం. మీరు అడిగేది ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. క్రీస్తు బల్ల దగ్గర ఆ ప్రశ్నకు చోటు లేదు. విదేశాల్లోని తెలుగు సంఘాల కాపరులు ఈ మాట పులిపీఠం మీద నుంచి చెప్పాలి.

అమ్మలారా, అయ్యలారా, మీకొక మాట. పిల్లలు దాచమన్నప్పుడు "సరే" అనడం మీకు అలవాటు. జీవితమంతా సర్దుకుపోయారు. ఈసారి వాళ్ళ మంచి కోసమే కాదనండి. కోపంతో వద్దు, తలనొప్పి సాకు వద్దు. "నాకు నా పని సిగ్గు కాదు నాయనా, నిన్ను చదివించింది అదే" అనండి. మీరు నిలబడితేనే మీ మనవలు తలెత్తుకుంటారు. తమ నాన్నమ్మ ఎవరో తెలియకుండా పెరిగే పిల్లలకు తామెవరో కూడా తెలియదు.

పిలవాలని ఉన్నా పిలవలేని పిల్లలు కూడా ఈ తెరలో ఉన్నారు. గల్ఫ్ దేశాల్లో ఇళ్ళల్లో పనిచేసే చెల్లెళ్ళకు సొంత గదే ఉండదు, అమ్మను ఎక్కడికి పిలుస్తారు? క్రిస్మస్ రోజున సెలవు దొరకడమే గగనం. మీరు పంపే డబ్బుతో ఇక్కడ ఇంటికప్పు పడింది. మీ తల్లిదండ్రులు ఈ క్రిస్మస్‌కు ఒంటరిగా తినరు. సంఘ పెద్దలు ఇప్పుడే ఆ పేర్లు రాసుకోండి. ఎవరి ఇంట్లో ఎవరికి భోజనమో ఈ రాత్రే తేల్చుకుని ఇంటికి వెళ్దాం.

మేడమీద గదిలో కూర్చున్న ఆ తల్లిని ఆమె కొడుకు ఈ సంవత్సరం మళ్ళీ పిలిచాడు. "ఈసారి కిందే కూర్చోమ్మా" అన్నాడట. ఆమె ఇంకా జవాబు చెప్పలేదు. పాస్‌పోర్టు మాత్రం బీరువాలోంచి తీసి దిండు కింద పెట్టుకుందట. ఆమె కోసం, వాడి కోసం ప్రార్థిద్దాం.

తండ్రీ, నీ కుమారుణ్ణి వడ్రంగి ఇంట్లో పెంచావు, ఆయన పనిని గాని, ఊరిని గాని నువ్వు దాచలేదు. మా అమ్మానాన్నల చేతులను దాచిపెట్టిన పాపాన్ని మాకు క్షమించు. నన్ను ముందు క్షమించు. వాళ్ళను తలెత్తుకుని మా బల్ల దగ్గర కూర్చోబెట్టే ధైర్యం మాకివ్వు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.